తుపాకి తుడుచు విద్య

అజ్ఞాతవాసమునకు పోవుచు పాండవులు విరాటనగరము వెలుపల, శ్మశానభూమి చెంతనున్న జమ్మిచెట్టుపై తమ ఆయుధములను దాచిన కథ తెలియని తెలుగు బాలుడుండడు. విజయదశమినాడు జమ్మికి ప్రదక్షిణము చేయుచు పెద్దలు ఆ కథను ఏటేట చెప్పుచునే యుందురు. కాని ఆ కథలో మనము గమనింపక దాటిపోవు చిన్న విషయ మొకటి కలదు. విండ్లను చెట్టెక్కించుటకు ముందు ఆ వీరులు వాని అల్లెత్రాళ్ళను సడలించిరి. ఎక్కుపెట్టిన విల్లు ఏడాదిపాటు అట్లే యుండెనేని దాని బిగువు చచ్చును. తిరిగి చేతికి వచ్చునాటికి అది విల్లు కాదు, వంగిన కఱ్ఱ మాత్రమే. గాండీవము దివ్యధనుస్సు గదా, దానికి కూడ ఇంత జాగ్రత్త ఏల యని బాలురు అడుగవచ్చును. దివ్యమైన దానికి సైతము ఆ జాగ్రత్త తప్పలేదనుటలోనే పాఠమున్నది.

ఆయుధమును ప్రయోగించుటను గూర్చి మన కావ్యములలో కావలసినంత కలదు. ఆయుధమును కాపాడుటను గూర్చి చెప్పువారు తక్కువ. మన పాఠశాలలలోను, కళాశాలలలోను వేలకొలది బాలబాలికలు నేషనల్ కేడెట్ కోర్‌లో చేరి చిన్న తుపాకిని చేతబట్టుచున్నారు. 1948లో ఏర్పడిన ఆ సంస్థలో గురి నేర్పుట యెంత ముఖ్యమో, కాల్చిన పిదప తుపాకిని తుడుచుట నేర్పుటయు అంత ముఖ్యము. కాని మొదటిదానికి చప్పట్లుండును, రెండవదానికి మసిగుడ్డయే యుండును. ఆ మసిగుడ్డను గూర్చియే ఈ వ్యాసము.

గడియ వేసిన తలుపు, బరువైన తలుపు

చిన్న తుపాకి యనగా ఇచ్చట పాయింటు ఇరువదిరెండు రైఫిలు. దాని గొట్టపు లోపలి వెడల్పు అంగుళములో నూటికి 22 పాళ్ళు, అనగా రమారమి 5.6 మిల్లీమీటర్లు. నేడు లోకమంతట వాడుకలోనున్న దాని తూటా 1887లో అమెరికాలో పుట్టినది. గుండు మెత్తని సీసము. బరువు సాధారణముగా 40 గ్రెయిన్లు, అనగా సుమారు రెండున్నర గ్రాములు. గుండుపై సన్నని మైనపు పూత యుండును. పేలుడుమందు తూటా అడుగున నడుమ గాక, అంచు చుట్టును ఇమిడి యుండును. పిన్ను వచ్చి ఆ అంచును కొట్టినప్పుడు తూటా పేలును.

ఈ తూటాను పేల్చు రైఫిళ్ళు ముఖ్యముగా రెండు జాతులవి. మొదటిది బోల్టు తుపాకి. బోల్టనగా గడియయే. కాల్చువాడు తన చేతితో దానిని పైకెత్తి వెనుకకు లాగును; ఖాళీ ఇత్తడి డొప్ప వెలికి వచ్చును; కొత్త తూటాను పెట్టి ముందునకు త్రోసి క్రిందికి దించును. గడియ పడినది. తూటా పేలిన క్షణమున తలుపు కదలదు. మందునుండి పుట్టిన వాయువునకు గొట్టపు మూతి తప్ప వేరు దారి లేదు.

రెండవది అర్ధస్వయంచాలక తుపాకి. దీనిలో సాధారణముగా గడియ లేదు. తూటా వెనుక బరువైన ఉక్కు దిమ్మ యొకటి, దాని వెనుక ఒక స్ప్రింగు ఉండును. గడియ వేయకుండ, బరువైన తలుపునకు మనిషి వీపు ఆనించి నిలుచున్నట్లు ఊహింపవచ్చును. తూటా పేలగానే వాయువు గుండును ముందునకు త్రోయుచునే డొప్పను వెనుకకు కూడ త్రోయును. దిమ్మ బరువైనది గనుక వెంటనే కదలదు. గుండు గొట్టము దాటిపోవునంతలో అది వెనుకకు నడచి డొప్పను వెలికి విసరును. స్ప్రింగు దానిని మరల ముందునకు నెట్టగా, అది దారిలో కొత్త తూటాను తీసికొని వచ్చి గదిలో నిలుపును. మీట నొక్కిన ప్రతిసారి ఒక గుండు; తక్కిన పనియంతయు దానంతట అదియే చేసికొనును.

పనిని తానే చేసికొను యంత్రము ఆ పనిలోని మాలిన్యమును కూడ తానే మోయవలెను. తలుపు తెరచుకొనునప్పుడు గొట్టములో మిగిలిన పొగ, కాలీకాలని మందు రవ్వలు, కరగిన మైనము, సీసపు ధూళి వెనుకకు కొట్టి దిమ్మ చుట్టును చేరును. బోల్టు తుపాకిలో ఇవి చాలవరకు గొట్టముననే యుండును. రెండింటి సంరక్షణలోని భేదమంతయు ఈ ఒక్క విషయమునుండి పుట్టినదే.

ఉప్పు చేసిన ద్రోహము

పూర్వము తుపాకి తుడుచుట యనగా కేవలము శుభ్రత కాదు, తుప్పుతో యుద్ధము. పాత తూటాల పేలుడుమందులో పొటాసియం క్లోరేటు ఉండెడిది. అది పేలినప్పుడు పొటాసియం క్లోరైడు అను ఉప్పుగా మారి గొట్టపు గోడలకు అంటుకొనును. ఉప్పు గాలిలోని తేమను పీల్చుననుట మన వంటింటి జాడీని చూచిన వారందరికిని తెలిసినదే. ఒక్క రాత్రి అశ్రద్ధ చేసిన చాలు, తెల్లవారునప్పటికి గొట్టములో ఎఱ్ఱని తుప్పు కనిపించెడిది. సముద్రతీర ప్రాంతములలో దీని ఉధృతి మరింత యెక్కువ.

ఇచ్చట విద్యార్థులు గమనింపదగిన రసాయన విశేష మొకటి కలదు. నూనె ఉప్పును కరగింపలేదు, నీరే కరగించును. అందుచేత .303 రైఫిళ్ళు వాడిన సిపాయిలు కాల్పులు ముగియగానే గొట్టములో మొదట మరుగునీరు పోసి, ఆరనిచ్చి, తుడిచి, ఆ పిదపనే నూనె పూసెడివారు. ఇనుమునకు నీరు శత్రువని చదివిన బాలునకు ఇది విపరీతముగా తోచును. కాని మరుగునీటి వేడికి గొట్టము కూడ వేడెక్కి, తడి త్వరగా ఆరిపోవును. ఉప్పు నీటితోపాటు వెడలిపోవును. ఉప్పుపై నూనె పూసినవాడు తుప్పును కప్పిపెట్టినవాడే కాని, తొలగించినవాడు కాడు.

1920 తరువాతి దశాబ్దపు చివరి సంవత్సరములలో ఈ ఉప్పును పుట్టింపని కొత్త పేలుడుమందు కలిగిన తూటాలు విపణిలోనికి వచ్చెను. నాటినుండి చిన్న తుపాకి సంరక్షణ సులభమయ్యెను. నేటి పాయింటు ఇరువదిరెండు తూటా వెనుక మిగులు మైనపు పొర గొట్టమునకు కొంతవరకు రక్షణయే. పోటీలలో కాల్చువారు గొట్టమును బాగుగా తుడిచిన తరువాత మొదటి కొన్ని గుండ్లను లెక్కకు రాకుండ కాల్చుటకు ఇదియే కారణము. గొట్టము మరల మైనము పట్టువరకు గుండ్లు ఒక్కచోట పడవు. మెత్తని సీసపు గుండు ఉక్కు గొట్టమును అరగదీయుట మిక్కిలి స్వల్పము. ఈ చిన్న గొట్టములను కాల్చి పాడుచేసినవారికంటె తుడిచి పాడుచేసినవారే ఎక్కువయని అనుభవజ్ఞులు చెప్పుదురు. ఈ మాటలోని నిజమును నేను ఆలస్యముగా తెలిసికొంటిని.

మూతి అంచు చెప్పిన సాక్ష్యము

నేనొక పాఠశాలలో కేడెట్ల బాధ్యత వహించుచున్న దినములలో మావద్ద బోల్టు రైఫిళ్ళు కొన్ని యుండెను. కాల్చిన పిదప తుడుచుటకు బాలురకు పుల్‌త్రూ నిచ్చెడివారము. ఇది ఒక చివర ఇత్తడి బరువు, వేరొక చివర గుడ్డముక్క పట్టు ముడి గల త్రాడు. 'చిందీ' యని పిలుచు నాలుగంగుళముల పొడవు, రెండంగుళముల వెడల్పుగల గుడ్డను ముడిలో దూర్చి, బోల్టు తీసివేసి, ఇత్తడి బరువును వెనుకనుండి గొట్టములోనికి జారవిడిచి మూతివైపు నుండి లాగవలెను. గుండు ఏ దారిన పోవునో గుడ్డయు ఆ దారిననే పోవలెను. ఇది నియమము.

త్రాళ్ళు పాతవై తెగిపోయెను. కొత్తవి వచ్చులోపల పని ఆగరాదని నేనొక సన్నని ఇనుపకడ్డీ చేయించి బాలుర చేతికిచ్చితిని. బోల్టు తీయు శ్రమ ఎందుకని వారు కడ్డీని మూతిలోనుండి దూర్చి ముందువెనుకలకు ఆడింపసాగిరి. గొట్టము అద్దమువలె మెరయుచుండెను. నేను సంతోషించితిని.

వారిలో నొక బాలుడు మంచి గురికాడు. ఇరువదియైదు గజముల దూరమున ఐదు గుండ్లను ఒక రూపాయిబిళ్ళ క్రింద దాచగలవాడు. కొన్ని నెలలకు వాని గుండ్లు చెదరజొచ్చెను. ఒకటి పైకి, ఒకటి ప్రక్కకు. శ్వాస బిగపట్టుట లేదంటిని. మీటను కుదుపుచున్నావంటిని. ధ్యాస చెడినదంటిని. అందరి యెదుట మందలించితిని. వాడు మారు పలుకలేదు. ఒక్కసారి మాత్రము, "మాస్టారూ, నాకు వేరే రైఫిలు ఇచ్చి చూడండి" అనెను. పనివాడు పనిముట్టును నిందించునంటిని. పోటీ జట్టునుండి వాని పేరు తొలగించితిని. ఆ యేడాది ముగియకుండగనే వాడు కవాతునకు వచ్చుట మానుకొనెను.

తరువాత సైన్యమునుండి శిక్షణకై వచ్చిన హవల్దారు ఒకడు, బాలురు ఉస్తాద్ అని పిలుచువాడు, ఆ రైఫిలును వెలుతురునకు పట్టి భూతద్దముతో మూతిని చూచెను. చాలసేపు మాటాడలేదు. పిదప అద్దమును నాకందించెను. గొట్టపు మూతి అంచు గుండ్రముగా లేదు. కడ్డీ రాచుకొన్న వైపున అది అరగి, గోరంతలో పదియవవంతు పల్లము పడియుండెను.

గుండు గొట్టమును విడుచు చివరి క్షణమున దానిని తాకునది ఆ అంచే. అంచు అన్నివైపుల సమముగా నున్నప్పుడు వెనుకనుండి తన్నుకొనివచ్చు వాయువు గుండు చుట్టును ఒక్కసారిగా వెడలును. ఒకవైపు పల్లముండెనేని వాయువు ఆవైపున ముందుగా తప్పించుకొని గుండు మడమను ప్రక్కకు త్రోయును. అంతటితో ఎంత చక్కని గురియైనను వ్యర్థము. వాని శ్వాస సరిగనే యుండెను. వాని వ్రేలు సరిగనే యుండెను. చెడగొట్టినది నేనిచ్చిన కడ్డీ. వానికి కబురంపితిని, అప్పటికే వారి కుటుంబము ఊరు విడిచి పోయెను.

స్వయంచాలకము కోరు సేవ

అర్ధస్వయంచాలకమైన చిన్న తుపాకి ముఖ్యముగా అమెరికాలో పెరిగిన బిడ్డ. 1903లో వించెస్టర్ సంస్థ తెచ్చిన రైఫిలు ఈ జాతిలో తొలివాటిలో నొకటి. దాని చరిత్రలో మాలిన్యమే ఒక ప్రధానపాత్ర వహించినది. ఆ రోజులలో పాయింటు ఇరువదిరెండు తూటాలు అనేకము నల్లమందుతో నిండియుండెడివి. నల్లమందు కాలినప్పుడు మిగులు మసి అపారము. అట్టి తూటాను స్వయంచాలకములో వేసినచో కొద్ది గుండ్లకే దిమ్మ బిగిసిపోవును. అందుచేత ఆ రైఫిలునకు పొగలేని మందుతో ప్రత్యేకమైన తూటానే నిర్మించిరి. సాధారణపు తూటా దానిలో ఇమడదు. మలినమైన ఆహారము లోనికి పోకుండ వాకిలియే మార్చిరన్నమాట. పిమ్మట 1914లో జాన్ బ్రౌనింగ్ రూపొందించిన రైఫిలు బెల్జియమునుండి వెలువడెను. 1964లో రూగర్ సంస్థవారి టెన్-ట్వెంటీటూ వచ్చి లక్షలకొలదిగా వ్యాపించెను. పది తూటాలు పట్టు గుండ్రని మాగజీను దాని ప్రత్యేకత.

అట్టి తుపాకిని కాపాడువానికి గొట్టము రెండవ చింత. మొదటి చింత దిమ్మ. దిమ్మ ముఖముపై, డొప్పను పట్టి లాగు చిన్న కొక్కెము క్రింద, తూటా నిలుచు గది అంచున మసియు మైనమును కలిసి గట్టిపడును. కొక్కెము క్రింద గసగస గింజంత పెచ్చు చేరినను అది డొప్పను సరిగ పట్టలేదు. డొప్ప సగము వెలికివచ్చి చిక్కుకొనును. గది మురికిపడినచో తూటా పూర్తిగా లోనికి పోదు. మాగజీను పెదవులు వంగినను, దానిలో దుమ్ము చేరినను కొత్త తూటా మీదికి రాదు. బోల్టు తుపాకిలో ఇట్టి మురికి పట్టినప్పుడు చేతికి బిగువు తెలియును. మనిషి ఇంకొంచెము బలము చూపి పని జరుపుకొనును. స్వయంచాలకమునకు స్ప్రింగు బలము తప్ప వేరు బలము లేదు. అది చాలనప్పుడు ఆగిపోవును.

ఆగిపోవుచున్నదని నూనె కుమ్మరించుట మరొక పొరపాటు. నూనె మసిని కలుపుకొని లేహ్యమువలె తయారగును; దుమ్మును పిలిచి అంటించుకొనును. మసిని బ్రష్షుతో తొలగించి, పొడిగుడ్డతో తుడిచి, దిమ్మ రాచుకొను చోటులందు మాత్రము చెంగున అద్దినంత నూనె వేయుట ఉత్తమము. బోల్టు తుపాకికిని ఇదే న్యాయము. అధికమైన నూనె కొయ్యలోనికి దిగి దానిని మెత్తపరచును.

గొట్టము విషయమున స్వయంచాలకమునకు మరొక చిక్కున్నది. బోల్టు తుపాకిలో బోల్టు ఊడదీయగానే వెనుకనుండి గొట్టము ఆకాశమువలె కనిపించును. టెన్-ట్వెంటీటూ వంటి వానిలో వెనుక గోడ మూసియుండును. కడ్డీ వాడదలచినవాడు మూతినుండియే దూర్చవలసివచ్చును. నా కడ్డీ కథ విన్నవారికి దాని అపాయము వేరుగ చెప్పనక్కరలేదు. అందుచేత అట్టి రైఫిళ్ళకు తూటాడొప్ప వెడలు ప్రక్కదారినుండి త్రాటిని గదిలోనికి దింపి మూతివైపు లాగుటయే మేలు. మన పాత పుల్‌త్రూ సూత్రమే అది.

ఏది మేలు?

రెండింటిలో ఏది మేలని విద్యార్థులు అడుగుదురు. పనినిబట్టి చెప్పవలెను. ఒలింపిక్ క్రీడలలో 50 మీటర్ల రైఫిలు పోటీకి ప్రతి గుండును చేతితో నింపవలసిన ఏకతూటా రైఫిలునే అనుమతింతురు. అచ్చట పది మార్కుల వలయపు వ్యాసము 10.4 మిల్లీమీటర్లు మాత్రమే. 2024లో పారిస్ నగరమున స్వప్నిల్ కుశాలే మన దేశమునకు కాంస్యపతకము తెచ్చినది ఈ రకపు పోటీలోనే. వెంటవెంట కాల్చవలసిన 25 మీటర్ల పిస్తోలు పోటీలో అర్ధస్వయంచాలకములే రాజ్యమేలును. హైదరాబాదు యువతి ఈషా సింగ్, 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో ఆ పోటీయందు రజతము గెలిచినది.

సంరక్షణ దృష్టితో చూచినచో బోల్టు తుపాకికి భాగములు తక్కువ, మురికి తక్కువ, ఊడదీయుట సులభము. స్వయంచాలకమునకు భాగములెక్కువ, మురికి యెక్కువ, ఓపిక యెక్కువ కావలెను. ఇంతవరకు అందరును చెప్పుదురు. కాని నాకు తోచిన భేద మింకొకటి కలదు. స్వయంచాలకము అలుగును. తనను అశ్రద్ధ చేసినవాని యెదుట తూటాను కరచిపట్టి మొరాయించి కూర్చుండును. దాని బాధ వెంటనే బయటపడును. వెంటనే దాని మొగము చూతుము. బోల్టు తుపాకి అలుగదు. తుప్పు పట్టినను కాలును, అంచు అరగినను కాలును. అడిగిన పని చేయుచునే లోలోపల చెడిపోవును. చెదరిన గుండ్లే దాని మొర. ఆ మొరను వినుటకు మారుగా మనము కాల్చువానిని నిందింతుము.

తరగతిలోను ఈ రెండు జాతుల బాలురుందురు. మొరాయించువానిని గూర్చి ఉపాధ్యాయుడు దినమంతయు ఆలోచించును. మారు పలుకక భరించువానిని గూర్చి ఆలోచింపడు. "వేరే రైఫిలు ఇచ్చి చూడండి" అను ఒక్కమాట నాకు మొర యని తోచలేదు. సాకు అని తోచినది.

ప్రాణము దక్కించు క్రమము

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది చివరకు చెప్పుచున్నాను. ఏ తుపాకినైనను తుడుచుటకు ముందు అది ఖాళీ యని రూఢి చేసికొనవలెను. దీనికొక క్రమమున్నది. మూతిని మనుష్యులు లేని వైపునకు త్రిప్పి, మొదట మాగజీను తీయవలెను. పిదప బోల్టునో, దిమ్మనో వెనుకకు లాగి గదిలోని తూటాను వెలికి రప్పింపవలెను. పిదప గదిని కంటితో చూచి, వ్రేలితో తడవవలెను. ఈ క్రమము తారుమారైన కథ యేమగునో చూడుడు. మొదట దిమ్మ లాగినవాడు గదిలోని తూటా బయటపడుట చూచి తుపాకి ఖాళీ యనుకొనును. చేయి విడువగానే దిమ్మ ముందునకు పోవుచు మాగజీనులోని మరొక తూటాను గదిలో నిలుపును. ఇప్పుడు మాగజీను తీసి ప్రక్కన పెట్టినను గదిలో మృత్యువు కూర్చుండియే యున్నది. చేసిన పనులు రెండును సరియైనవే, వరుస మాత్రమే తప్పు. మాగజీను గల బోల్టు రైఫిలుకును ఈ ప్రమాదము తప్పదు. స్వయంచాలకములో అది కనురెప్పపాటున జరుగును గనుక అపాయ మధికము. తుపాకి తుడుచుచుండగా పేలినదని పత్రికలలో చదువు వార్తల వెనుక ఇట్టి వరుస తప్పుట తరచుగ ఉండును.

అంతయు ముగిసిన పిదప, గది ఖాళీయని మరల చూచి, బోల్టు మూయునప్పుడు మీటను నొక్కిపట్టి మెల్లగా దించినచో పెక్కు బోల్టు రైఫిళ్ళలో లోపలి స్ప్రింగు బిగువు సడలును. పిన్ను ఉత్త గదిని కొట్టి దాని అంచును నలుగగొట్టదు. స్ప్రింగు విశ్రాంతి పొందును. బాలురకు ఇది నేర్పునప్పుడు నేను జమ్మిచెట్టు కథ చెప్పెడివాడను. అల్లెత్రాడు సడలించుట యనగా ఇదే నాయనా, అనెడివాడను.

ఆ ఇనుపకడ్డీని నేను పారవేయలేదు. ఆయుధాగారపు గోడకు మేకు కొట్టి దానిని వ్రేలాడదీసితిని. ఏటేట కొత్తగా చేరిన కేడెట్లు, "ఇది దేనికి మాస్టారూ?" అని అడుగుచుండిరి. తుపాకి తుడుచు విద్యలో మొదటి పాఠమును నేను దానితోనే ప్రారంభించుచుంటిని.